రాయి లేని సమాధులు: మన పెద్దలు ఎక్కడున్నారో వెతికి గుర్తు పెట్టడం ఎలా

ఊళ్లో ఇప్పుడు బతికున్నవాళ్లలో అందరికంటే పెద్దవాళ్లెవరో ముందు అది కనుక్కోండి. కనుక్కుని ఈ నెలలోనే, కుదిరితే ఈ ఆదివారమే వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి. రిజిస్టర్లు, పటాలు, ఫోన్లో మ్యాపులు ఇవన్నీ వచ్చే ఏడాది కూడా ఉంటాయి, ఎనభై అయిదేళ్ల మనిషి ఉంటారన్న భరోసా లేదు. మా నాయనమ్మ వాళ్ల అమ్మ సమాధి ఎక్కడుందో పక్కాగా తెలిసింది మా చిన్నతాత ఒక్కడికే అనుకున్నాం. "సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తాలే" అని ఆయన, "సరే తాతా" అని నేను, అలా రెండు సంక్రాంతులు గడిచాయి, మూడోది రాకముందే ఆయన పోయాడు. ఆ బాధతోనే ఇదంతా రాస్తున్నాను, మీరు నాలాగా వాయిదా వేయకండి.

మాది ఒంగోలు వైపు పల్లె. నాలుగు తరాల కిందట క్రైస్తవంలోకి వచ్చిన కూలి కుటుంబం. మావాళ్లలో భూస్థాపన చేస్తారు గానీ రాయి వేయించే స్తోమత మా నాన్న తరం దాకా ఎవరికీ లేదు. గొయ్యి పూడ్చాక మిగిలిన మట్టితో దిబ్బ చేసి, తల దగ్గర చేతికందిన రాయి ఏదో నిలబెట్టి, రెండు కర్రలు కట్టిన శిలువ పాతేవాళ్లు. కర్రని చెదలు తినేస్తాయి, దిబ్బ రెండు మూడు వానాకాలాలకి అణిగిపోతుంది, రాయిని ఎవరో ఒకరు పక్కకి దొర్లిస్తారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అక్కడ ఒక మనిషి పడుకుని ఉందన్న ఆనవాలే ఉండదు. నేను చెప్పేది ఎక్కువగా ఇలాంటి సమాధుల తోటల గురించే, కానీ పూడ్చే ఆచారం ఉన్న మిగతా కులాలవాళ్లకీ ముస్లిం కుటుంబాలకీ కూడా చాలా వరకు పనికొస్తుంది.

పెద్దవాళ్లని అడిగేటప్పుడు "ఏ సంవత్సరంలో పోయింది?" అని అడిగితే జవాబు రాదు, వచ్చినా అది నమ్మదగ్గది కాదు. అందరికీ గుర్తుండే సంగతి ఒకటి పట్టుకుని దానికి ముందా తర్వాతా అని అడగండి. సాగర్ కాలవ నీళ్లు రాకముందా, వచ్చాకా? కాలవలకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో, మీ ఊరి మేజరుకి, అంటే పెద్ద పిల్లకాలవకి, ఎప్పుడు చేరాయో ఊళ్లోనే తెలుస్తుంది. జై ఆంధ్ర గొడవలప్పుడా? అయితే 1972, 73. ఉప్పెనకి ముందా? 1977 నవంబరు 19. రామారావు వచ్చాకా? 1983 జనవరి తర్వాత. ఇందిరాగాంధీ పోయినప్పుడు మీ ముత్తవ్వ ఉందా? ఇలా నాలుగు ప్రశ్నలు వేస్తే ఐదారేళ్ల లోపలికి వచ్చేస్తారు. పాత కాగితాల్లో తెలుగు సంవత్సరం పేరు కనిపిస్తే సంతోషపడిపోకండి, అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది 1876లో మొదలైన కరువు, కానీ 1936 కూడా ధాతే. ఆ మనిషి పిల్లల వయసులతో సరిచూసుకుంటే ఏ ధాతో తేలిపోతుంది.

మాటలు ఫోన్లో రికార్డు చేసుకోండి, అడిగి చేసుకోండి. ఇంటి అరుగు మీద ఎంత చెప్పించినా సగమే వస్తుంది, ఓపిక ఉంటే వాళ్లని తోట దాకా తీసుకెళ్లాలి. చిన్నతాత పోయాక మాకు దిక్కు ఒక పెద్దమ్మ, వరసకి పెద్దమ్మ, ఎనభై దాటాయి. ఆటోలో తీసుకెళ్లి గేటు దగ్గర దించితే ఆవిడ లోపలికి చూసి, చుట్టూ చూసి, "నాకేం తెలవట్లేదమ్మాయ్" అంది. నా ప్రాణం ఉసూరుమంది. కాసేపు కూర్చుని మళ్లీ ఆవిడే, "ఈ గేటెప్పుడు పెట్టారు? మేము చెరువు కట్ట మీంచి కదా వచ్చేది. అటు నించి తీసకపో నన్ను" అంది. ఆటో తిప్పి కట్ట మీదికి పోయాం. అక్కడ దిగి, నా భుజం పట్టుకుని, ఎవరో ముందు నడుస్తున్నట్టుగా తడుముకోకుండా నడిచింది. కొట్టేసిన చింతచెట్టు మొద్దు దగ్గర ఆగి కుడిచెయ్యి చాపి, "మూడో మనిషి మీ ముత్తవ్వ. తల కాడ ఆమె పొత్రమే పెట్టించాడు మీ తాత" అంది. గడ్డి తప్పించి చూస్తే ఉంది, సన్నికల్లు పొత్రం, సగం పైగా మట్టిలో. చేతులు పట్టే రెండు కొసలూ నున్నగా అరిగి ఉన్నాయి, మధ్యలో ఒక పక్క పాచి. నూరి నూరి ఆవిడ అరగదీసిన రాయి అది.

అందుకే చెప్తున్నాను, పెద్దవాళ్లని పాత దారిలో తీసుకెళ్లండి. శవాన్ని మోసుకొచ్చే దారి ఏదో అడగండి, వాళ్ల కాళ్లకి గుర్తుంటుంది. ఇంకో మనిషి గొయ్యి తీసే ఆయన. ప్రతి ఊళ్లోనూ ఆ పని చేసే ఇల్లు ఒకటి రెండు ఉంటాయి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని. ఎక్కడ తవ్వకూడదో వాళ్లకి కచ్చితంగా తెలుసు, ఎందుకంటే గునపం దిగినప్పుడు పాతది తగిలితే అక్కడ ఆపేసి పక్కకి జరగాల్సింది వాళ్లే. మర్యాదగా వెళ్లి అడగండి, ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చినందుకు కూలి ఇవ్వండి.

ఇక కాగితాలు. మీ తాతల కాలంలో మీ ఊరికి వచ్చిన మిషన్ ఏదో తెలుసుకుంటే రిజిస్టరు ఏ చర్చి బీరువాలో ఉందో ఊహించొచ్చు. గుంటూరు వైపు 1842 నుంచి లూథరన్లు, బందరు వైపు 1841 నుంచి ఇంగ్లండు (ఆంగ్లికన్) సంఘపు మిషన్ అయిన సి.ఎం.ఎస్., ఒంగోలు, నెల్లూరు వైపు అమెరికన్ బాప్టిస్టులు, మెదక్ వైపు వెస్లియన్లు పనిచేశారు. ఆంగ్లికన్, వెస్లియన్ సంఘాలు 1947లో సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘంలో) కలిశాయి కాబట్టి వాటి పాత రిజిస్టర్ల గురించి ఇప్పుడు సి.ఎస్.ఐ. పాస్టరేటులో అడగాలి. కథోలికులైతే విచారణ గురువుల దగ్గర మృతుల రిజిస్టరు ఉంటుంది, వాళ్ల చట్టం ప్రకారం అది రాయాల్సిందే. మిగతా చోట్ల భూస్థాపన రిజిస్టరు అని అడగండి. అది లేదంటే బాప్తిస్మపు రిజిస్టరు, పెళ్లిళ్ల రిజిస్టరు, చివరికి చందాల పుస్తకం కూడా పనికొస్తుంది, ఏ ఏడాది నుంచి చందా ఆగిపోయిందో చూస్తే మనిషి ఎప్పుడు పోయారో అంచనా దొరుకుతుంది.

ఆడవాళ్ల పేర్ల దగ్గర ఓపిక పట్టాలి. రిజిస్టర్లో చాలాచోట్ల ఫలానా వాళ్ల భార్య అనే ఉంటుంది, ఆవిడ పేరే ఉండదు. పేరు ఉన్నా అది బాప్తిస్మపు పేరు, ఊళ్లో పిలిచే పేరు వేరు. మా ముత్తవ్వ ఊళ్లో ఒక పేరుతో బతికింది, పుస్తకంలో మార్తమ్మగా ఉంది, ఈ రెండూ ఒకే మనిషివని తేల్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. భర్త పేరు, ఇంటిపేరు, పిల్లల బాప్తిస్మాల తేదీలు మూడూ పక్కపక్కన పెట్టుకుంటే గానీ తేలలేదు. ఇంటిపేరు కూడా రాసిన వాళ్లు విన్నట్టు రాశారు, ఒకే ఇంటిపేరు మూడు రకాలుగా కనపడితే కంగారు పడకండి.

రిజిస్టర్లో సమాధి ఎక్కడో రాసి ఉండటం చాలా అరుదు, కానీ తేదీ ఉంటుంది, ఆ తేదీయే దారి చూపిస్తుంది. వరసగా పూడ్చుకుంటూ వచ్చిన తోటల్లో మీవాళ్లకి ముందు పోయినవాళ్లూ తర్వాత పోయినవాళ్లూ ఎవరో చూడండి. వాళ్లలో ఒకరికైనా రాయి ఉంటే మీవాళ్లు ఆ పక్కనే ఉన్నట్టు. పేజీలు ఫోటో తీసుకుంటే ఒక కాపీ ప్రింటు తీయించి ఆ చర్చికే ఇవ్వండి. ఒకచోట మూడుసార్లు తిరిగాక గానీ బీరువా తీయలేదు, తీశాక చూస్తే సగం పుస్తకం చెదల పాలైంది. ఆ సగంలో ఎంతమంది పోయారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పంచాయతీలో మరణాల నమోదు కూడా అడిగి చూడండి. ఇప్పుడున్న జనన మరణాల నమోదు చట్టం 1969ది, దానికి ముందు ఊరి కరణమో మునసబో రాసేవాళ్లు. పల్లెల్లో ముసలివాళ్ల మరణం నమోదు చేయించినవాళ్లు తక్కువ, అందుకని దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

భూమి కాగితాల మీద మాత్రం శ్రద్ధ పెట్టండి. శ్మశానానికి సర్వే నంబరు ఉంటుంది, అడంగల్లో (ఊరి భూముల లెక్క పుస్తకంలో) మామూలుగా పోరంబోకుగా, అంటే ప్రభుత్వ భూమిగా ఉంటుంది, ఎఫ్.ఎం.బి. పటంలో (సర్వే వాళ్ల కొలతల పుస్తకంలో ఉండే పటం) కొలతలు ఉంటాయి. ఆంధ్రలో గ్రామ సచివాలయంలో సర్వేయరుని అడిగితే చూపిస్తారు. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబరు పోయి ఎల్.పి. (ల్యాండ్ పార్సిల్) నంబరు వచ్చింది, రెండూ రాసి పెట్టుకోండి. ఇదంతా ఎందుకంటే ఇప్పుడు కంచె ఉన్నంత మేరే తోట అనుకుని వెతుకుతాం, పటం చూస్తే అసలు విస్తీర్ణం ఇంకా ఎక్కువ ఉంటుంది. మీవాళ్లు ఇప్పుడు ఎవరి మినప చేలోనో ఉండొచ్చు. అలా తేలితే ఆ రైతు మీదికి గొడవకి పోకుండా సంఘ పెద్దల్ని, సర్పంచిని వెంటబెట్టుకుని మాట్లాడండి.

ఇప్పుడు నేల చూడటం. నవంబరు 2, సమాధుల పండుగ నాడు అందరూ సున్నం కొట్టడానికి, కొవ్వొత్తులు పెట్టడానికి వస్తారు, ఏ సమాధి ఎవరిదో అడిగి రాసుకోవడానికి అంతకన్నా మంచి రోజు లేదు. అయితే మా వైపు అది వానల కాలం, గడ్డి మోకాలెత్తు ఉంటుంది, నేల కనపడదు. నేల చూడాలంటే ఈస్టరు ముందు వారాలు మంచివి, గడ్డి ఎండిపోయి ఉంటుంది. పొద్దున ఆరున్నర ఏడు మధ్య వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రెండంగుళాల పల్లం కూడా నీడ గీత లాగా కనిపిస్తుంది, పదింటికి వెళితే అంతా చదునుగానే ఉంటుంది. తొలకరి వాన పడిన మర్నాడు ఇంకోసారి వెళ్లండి, పూడ్చిన చోట నేల కుంగి ఉంటుంది కాబట్టి నీళ్లు అక్కడ నిలుస్తాయి, తర్వాత గడ్డి కూడా అక్కడే ముందు పచ్చబడుతుంది. పెట్టెలో పెట్టి పూడ్చిన సమాధి ఎక్కువ కుంగుతుంది, గుడ్డలో చుట్టి పూడ్చింది తక్కువ.

పల్లం ఆకారం, దిక్కు కూడా చూడాలి. క్రైస్తవుల సమాధి మామూలుగా తూర్పు పడమరలుగా, కాళ్లు తూర్పుకి ఉంటాయి. ముస్లింలది ఉత్తర దక్షిణాలుగా, ముఖం పడమర కిబ్లా (మక్కా దిక్కు) వైపు ఉంటుంది. జంగాలు, లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు కాబట్టి గుంత పొడుగ్గా ఉండదు, ఇంచుమించు చదరంగా ఉంటుంది. అయితే మా లాంటి ఊళ్లలో మతం మారకముందూ తర్వాతా పూడ్చింది ఒకే దొడ్డిలో, పాత వరసల్లో దిక్కు వేరుగా ఉంటే అది మారకముందు తరం అయ్యుండొచ్చు. ఆ తేడా కనిపించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఒక కుటుంబం జీవితం ఎక్కడ మలుపు తిరిగిందో నేల మీదే కనపడుతోంది. కలబంద, నందివర్ధనం, బిళ్లగన్నేరు లాంటివి ఒంటరిగా ఒక చోట గుంపుగా ఉంటే ఎవరో కావాలని నాటినవే కావచ్చు, పీకేయకండి. నేల చదును చేద్దామని జేసీబీ పిలవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, తుమ్మచెట్లు కొట్టించాల్సి వస్తే మనుషులతోనే కొట్టించండి, పాములుంటాయి, కాళ్లకి బూట్లు వేసుకోండి.

గడ్డి కింద ఇటుకల అంచు, రాయి ఏమైనా ఉందేమో చూడటానికి సన్నటి ఇనప చువ్వతో జానెడు లోతు మెల్లగా గుచ్చి చూడొచ్చు. అంతకు మించి గుచ్చడం, తవ్వడం చేయకండి. పొరపాటున ఎముక కనిపిస్తే ఆ మట్టి అక్కడే వేసి మూసేసి పాస్టరు గారినో పెద్దల్నో పిలిచి ప్రార్థన చేయించండి.

చోటు తేలాక కొలతలు రాసుకోవాలి. ఫోన్లో పిన్ను పెట్టుకుంటే చాలనుకుంటారు, ఫోను నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, సమాధి వెడల్పేమో మూడడుగులు కూడా ఉండదు. పిన్ను తోట దాకా తీసుకెళ్తుంది, అక్కడి నుంచి టేపే గతి. కదలని గుర్తులు రెండు ఎంచుకోండి, చర్చి గోడ మూల, బావి గట్టు, కల్వర్టు, పాత రాతి సమాధి మూల లాంటివి. చెట్టు వద్దు, కరెంటు స్తంభం అసలే వద్దు. తల దగ్గర నుంచి ఆ రెంటికీ టేపు పట్టి అడుగులు, అంగుళాలు రాయండి, రెండు కొలతలుంటే ఎవరైనా మళ్లీ అదే చోటికి రాగలరు. మూడోది కూడా కొలిస్తే మొదటి రెండూ తప్పు లేదని తెలుస్తుంది. కాగితం మీద పటం గీసి, ఉత్తరం ఎటో వేసి, పక్క సమాధుల పేర్లు కూడా రాసి, దాన్ని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టండి. గ్రూపులో పెడితే ఎవరో ఒకరు "ఆ పక్కది మా అమ్మమ్మది" అంటారు, మాకు అలా ఇంకో రెండు సమాధులు తేలాయి.

రాయి వేయించే ముందు ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఇది వాళ్లదే అని ఖాయంగా తెలిస్తేనే పేరు చెక్కించండి. ఇద్దరు వేరువేరుగా వచ్చి, ఒకరికొకరు చెప్పుకోకుండా, అదే చోటు చూపించాలి. లేదా మాటకి కాగితం తోడవ్వాలి. మా పెద్దమ్మ చూపించిన చోటుని ఆ తర్వాతి వారం గొయ్యి తీసే ఆయన కూడా చూపించాడు, అప్పుడు గానీ నేను రాయి మాట ఎత్తలేదు. ఇంకొకరి తల్లి మీద మన తల్లి పేరు వేయడం కన్నా వేయకుండా ఉండటమే నయం. వరస మాత్రమే తెలిస్తే వరస చివర ఒక చిన్న రాయి పెట్టి "ఈ వరుసలో ఫలానా వారు నిద్రిస్తున్నారు" అని రాయించండి. తోట మాత్రమే తెలిస్తే "ఈ తోటలో" అని రాయించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. పుట్టిన సంవత్సరం తెలియకపోతే వదిలేయండి, అంచనా వేసి చెక్కిస్తే మీ మనవలు దాన్నే నిజమనుకుంటారు.

అనుమతి ముందే తీసుకోండి. చర్చి స్థలమైతే సంఘ కమిటీ, పంచాయతీ స్థలమైతే పంచాయతీ, కబరస్థాన్ అయితే ముతవల్లి (ఆ స్థలం బాగోగులు చూసే ఆయన), కమిటీ పెద్దలు. ముస్లింలలో రాయి మీద రాతే వద్దనేవాళ్లు చాలామంది ఉన్నారు, పెద్దల్ని అడగకుండా ఆర్డరు ఇవ్వకండి. నోటి మాట చాలదు, రెండు ముక్కలు కాగితం మీద రాయించుకుంటే రేపు కమిటీ మారినా టెన్షన్ ఉండదు.

రాయి పెద్దది అక్కర్లేదు. నిలువు కట్టడం కడితే పక్కనున్న ఆనవాలు లేని వాళ్ల మీద బరువు పడుతుంది, చోటు కూడా ఆక్రమిస్తుంది. తల దగ్గర అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు పలక సరిపోతుంది. మా వైపు చీమకుర్తి నల్ల గ్రానైటు దగ్గర్లోనే దొరుకుతుంది, నాపరాయి చవక గానీ పొరలు పొరలుగా లేస్తుంది. అక్షరాలు లోతుగా చెక్కించండి, పైపైన పెయింటు వేసినవి నాలుగు ఎండాకాలాలకి వెలిసిపోతాయి. చెక్కకముందు రాయి మీద పెన్సిలుతో రాసింది ఫోటో పంపమని అడిగి ఇంట్లో ముగ్గురు చదవండి, ఒత్తులు, దీర్ఘాలు తప్పు పడితే మళ్లీ సరిచేయలేం.

నల్లరేగడి నేలైతే రాయి నిలబెట్టడంలో జాగ్రత్త కావాలి. వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చే నేల అది, నేరుగా పాతిన రాయి రెండేళ్లకి వాలుతుంది. దేహం మీద కాకుండా తలకి ఒక అడుగు అవతల, అడుగున్నర లోతు తీసి, నల్లమట్టి తీసేసి గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించి, దాని మీద కాంక్రీటు బెడ్డు వేసి రాయి నిలపాలి. చీరాల, బాపట్ల వైపు ఇసక నేలలో ఉబ్బడం ఉండదు గానీ ఇసక జారుతుంది, అక్కడ బెడ్డు వెడల్పుగా వేయాలి.

కొందరు దొరకరు. ధాత కరువులో మావాళ్లు కొందరు బకింగ్‌హాం కాలవ పనికి పోయారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కరువులో కూలి దొరకాలని ఆ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కరువు చివర్లో 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో దారిలో పోయినవాళ్లని ఎక్కడ పూడ్చారో చెప్పేవాళ్లు లేరు. ఉప్పెనలో పోయిన వేలమంది సంగతీ అంతే, దివిసీమలో అందరికీ కలిపి స్మారక స్తూపం ఉంది. అలాంటివాళ్ల పేర్లు సొంతూరి తోటలో కుటుంబం రాయి మీదే కింద చేర్చండి, "వీరి సమాధి తెలియదు" అని కూడా రాయండి.

మేము పలక నిలబెట్టిన రోజు మేస్త్రీ ఆ పొత్రం పక్కన పడేయబోతే పెద్దమ్మ గట్టిగా అరిచింది. దాన్ని కదపలేదు, పలక దాని వెనక వేశాం. ఏటా సమాధుల పండుగకి సున్నం కొట్టేటప్పుడు పొత్రానికి మాత్రం సున్నం తగలనివ్వం, నీళ్లతో కడిగి వదిలేస్తాం.